ఘాట్ ఎక్కుతుంటే ఆగిపోతున్న పాత మారుతి 800: పెట్రోలు ఎక్కడ తగ్గుతోంది?

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 1996 నాటి మారుతి 800 ఉంది. ఏపీ 03 నంబరు, 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు ఇచ్చే భాగం) ఉన్న బండి. రిజిస్ట్రేషన్ రెన్యువల్, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ సరిగా ఉంచుకొని ఇప్పటికీ దానినే వాడుతున్నాము. ఊళ్లో తిరిగినంతసేపు దానిలో ఏ లోపమూ కనిపించదు. ఉదయం చోక్ లాగి తాళం తిప్పితే వెంటనే స్టార్టవుతుంది. లీలామహల్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఎంతసేపు నిలబెట్టినా ఐడిలింగ్ చెదరదు. కష్టమంతా ఊరు దాటిన తరువాతే.

బంధువులు పలమనేరులో ఉండటంవల్ల చిత్తూరు మీదుగా తరచుగా అటు వెళ్లవలసి వస్తుంది. చంద్రగిరి, పూతలపట్టు వరకు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళితే బండి సాఫీగానే నడుస్తుంది. బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాట్ మొదలైన తరువాత కూడా మూడో గేరులో కాసేపు బాగానే లాగుతుంది. ఆ తరువాత సన్నని కుదుపులు మొదలవుతాయి, యాక్సిలరేటర్ ఎంత తొక్కితే అంత నీరసిస్తుంది, చివరకు పూర్తిగా ఆగిపోతుంది. బానెట్ ఎత్తి పది పదిహేను నిమిషాలు ఉంచితే మళ్లీ మామూలుగా స్టార్టయి, కొంత దూరం వెళ్లి మళ్లీ ఆగుతుంది. దిగేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఎండాకాలం మధ్యాహ్నాలలో ఇది ఎక్కువగా, రాత్రి ప్రయాణాలలో తక్కువగా ఉంటుంది గానీ, రాత్రి కూడా తప్పడం లేదు. చదును రోడ్డు మీద కూడా 75 దాటించి అదే వేగంతో కొంతసేపు నడిపితే ఇవే కుదుపులు కనిపిస్తున్నాయి.

ఇప్పటివరకు కార్బురేటర్ విప్పి కడిగించాము. ప్లగ్గులు, పెట్రోలు ఫిల్టరు, ఏసీ పంపు (ట్యాంకు నుంచి పెట్రోలు లాగి కార్బురేటర్‌కు పంపేది) కొత్తవి వేయించాము. ఏ మార్పూ లేదు. ఒక మెకానిక్ కార్బురేటరే మార్చాలంటున్నారు. ఇంకొకరు ఇప్పటి ఇథనాల్ పెట్రోలుతో పాత బండ్లన్నీ ఇలాగే ఉంటాయని, దీనికి మందు లేదని తేల్చేశారు. మూడో ఆయన కాయిల్ (ప్లగ్గులకు నిప్పురవ్వ కోసం కరెంటు ఇచ్చేది) వేడెక్కి ఆగుతోందని అంటున్నారు. డబ్బు పెట్టడానికి మేము వెనకాడటం లేదు, కానీ కారణం తెలియకుండా ఒక్కొక్క భాగాన్నే మార్చుకుంటూ పోవడం న్యాయంగా తోచడం లేదు. కంపెనీవారు బిగించిన అసలు కార్బురేటర్‌ను తీసేసి, దొరికినదేదో పెట్టడానికి అసలే మనసు ఒప్పుకోవడం లేదు. ఈ మూడు మాటల్లో ఏది నిజమో, కొత్త భాగమేదీ కొనకముందే తేల్చుకొనే పద్ధతి ఉంటే అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.

జవాబు (చిత్తూరు)

నమస్కారమండీ. నేను చిత్తూరులో చాలాకాలంగా అంబాసిడర్లు, పద్మినీలు, పాత మారుతులు బాగుచేస్తున్నవాణ్ణి. మీరు రాసినదానిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ‘కాసేపు బాగానే లాగుతుంది’ అన్న వాక్యం. కార్బురేటర్ మెయిన్ జెట్‌లో (పెట్రోలును కొలతగా వదిలే సన్నని రంధ్రంలో) చెత్త ఉంటే, బండి బరువు మీద లాగమన్న మొదటి క్షణం నుంచే నీరసంగా ఉంటుంది, పైగా పదిహేను నిమిషాల విశ్రాంతితో ఆ జెట్ తనంతట తాను శుభ్రపడదు. మీ బండి అలా చేయడం లేదు. ఫ్లోట్ చాంబర్ (కార్బురేటర్‌లో పెట్రోలు నిలవ ఉండే చిన్న గిన్నె) నిండుగా ఉన్నంతసేపు పూర్తి బలంతో లాగుతోంది, అందులోని పెట్రోలు ఖర్చయిపోయి, వెనుకనుంచి వచ్చేది చాలనప్పుడు మాత్రమే నీరసిస్తోంది. అందువల్ల లోపం కార్బురేటర్‌కు ముందున్న దారిలో ఉందన్నది నా అనుమానం. కార్బురేటర్ మార్చే ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

ఊళ్లో ఎందుకు తెలియడం లేదో ఒక చిన్న లెక్క చూస్తే అర్థమవుతుంది. ఐడిలింగ్‌లో ఈ ఇంజన్‌కు గంటకు ముప్పావు లీటరు లోపే చాలు, అంటే నిమిషానికి 12 మిల్లీలీటర్లు అనుకోవచ్చు. ఘాట్‌లో 40 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతూ లీటరుకు 8 కిలోమీటర్లు ఇస్తోందనుకుంటే, గంటకు 5 లీటర్లు, నిమిషానికి 83 మిల్లీలీటర్లు కావాలి. దాదాపు ఏడు రెట్లు. నిమిషానికి 50 మిల్లీలీటర్లు మాత్రమే వదిలే దారి ఊళ్లో తిరగడానికి పుష్కలంగా సరిపోతుంది, మొగిలి ఘాట్‌లో సరిపోదు. మీ ఫ్లోట్ చాంబర్‌లో నిలవ ఉండే కొద్దిపాటి పెట్రోలు ఈ కొరతను మొదట కాసేపు కప్పిపుచ్చుతుంది, అంతే.

అయినా కాయిల్ అనుమానాన్ని ముందు తీర్చుకోవాలి. వేడెక్కిన కాయిల్, పాయింట్లు ఉన్న డిస్ట్రిబ్యూటర్ (నిప్పురవ్వను ప్లగ్గులకు పంచేది) అయితే దాని కండెన్సర్, సరిగ్గా ఇలాగే ఆగి, చల్లారాక మళ్లీ పనిచేస్తాయి. కాబట్టి ‘కాసేపు ఆగితే బాగవుతోంది’ అన్న ఒక్క గుర్తుతో ఎవరూ ఏమీ తేల్చలేరు. దానికి రెండు పరీక్షలు చెబుతాను.

మొదటిది నడుస్తుండగా చేసేది. కుదుపులు మొదలైన వెంటనే, బండి ఇంకా ఆగిపోకముందే, పక్క సీట్లో ఉన్నవారిని చోక్ సగం లాగమనండి. చోక్ గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచుతుంది కనుక, పెట్రోలు కొరతే కారణమైతే ఇంజన్ కొన్ని క్షణాలపాటు స్పష్టంగా కోలుకుంటుంది. నిప్పురవ్వ బలహీనపడటమే కారణమైతే ఏ తేడా ఉండదు, లేదా ఇంకా పాడవుతుంది. ఆ గుర్తు చూసుకున్నాక చోక్‌ను లోపలికి నెట్టేయాలి.

రెండోది ఆగిపోయిన చోట చేసేది. తాళం తీసేసి, ఎయిర్ క్లీనర్ మూత విప్పి, టార్చి వేసి కార్బురేటర్ గొంతులోకి చూస్తూ థ్రాటిల్ లివరును (యాక్సిలరేటర్ తొక్కితే కదిలేదాన్ని) చేత్తో ఒక్కసారి చురుగ్గా కదపండి. లోపలి సన్నని ఇత్తడి ముక్కు నుంచి పెట్రోలు పిచికారీలా చిమ్మాలి. బలంగా చిమ్మితే చాంబర్‌లో పెట్రోలు ఉన్నట్టే, అప్పుడు కాయిల్ వైపు వెళ్లండి. చుక్క రాకపోతే, వచ్చినా ఉమ్మినట్టుగా బుడగలతో వస్తే, కొరత రుజువైనట్టే. ఈ పరీక్షను ఇంటి దగ్గర చల్లని ఇంజన్ మీద ముందుగా ఒకసారి చేసి, మామూలుగా ఎలా చిమ్ముతుందో కళ్లారా చూసి పెట్టుకుంటే దారిలో పోల్చుకోవడం సులువు. మీ కార్బురేటర్ పక్కన చిన్న గుండ్రని గాజు కిటికీ ఉంటే, అందులో పెట్రోలు మట్టం మధ్య గుర్తు దగ్గర ఉందో, కిందికి పడిపోయిందో కూడా అక్కడే తెలుస్తుంది.

కొందరు మీకు ఫ్యూయల్ కట్ సోలనాయిడ్ పేరు చెప్పవచ్చు. తాళం తిప్పగానే టిక్కుమని తెరుచుకొనే చిన్న వాల్వు అది. దాని వైరు వదులైతే ముందు చెడేది ఐడిలింగ్. మీకు ఐడిలింగ్ చెక్కుచెదరడం లేదు, కాబట్టి దానిని వదిలేయవచ్చు.

కొరత అని తేలాక ట్యాంకు మూత చూడండి. పెట్రోలు బయటికి పోయినంత మేరకు గాలి లోపలికి రావాలి, ఆ దారి మూతలోని వాల్వు కావచ్చు, విడిగా ఉండే సన్నని బ్రీదర్ గొట్టం కావచ్చు. ఆ దారి మూసుకుంటే ట్యాంకు లోపల పీడనం తగ్గి పంపు ఎంత లాగినా పెట్రోలు కదలదు. బండి ఆగిన వెంటనే మూత తిప్పితే బుస్సుమని గాలి లోపలికి పోయే శబ్దం వస్తే, ఆ తరువాత వెంటనే స్టార్టయి బాగా లాగితే, దొంగ దొరికినట్టే. చాలాకాలం కదలకుండా నిలబెట్టిన ఒక పద్మినీకి బ్రీదర్ గొట్టం కొసలో కందిరీగ కట్టిన మట్టి గూడు నేను స్వయంగా తీశాను, గోరంత మట్టి ఉండ అంత బండిని ఆపేసింది.

మూత దగ్గర ఏమీ తేలకపోతే పంపు ఎంత పోస్తోందో కొలవాలి. పంపు నుంచి కార్బురేటర్‌కు వెళ్లే గొట్టాన్ని కార్బురేటర్ దగ్గర విప్పి, దానికి పొడవాటి గొట్టం తగిలించి, బానెట్‌కు దూరంగా ఒక డబ్బాలో పెట్టండి. చాంబర్‌లో మిగిలిన పెట్రోలుతో ఇంజన్ ఐడిలింగ్‌లో అర నిమిషం హాయిగా నడుస్తుంది. ఆ అర నిమిషంలో పడిన పెట్రోలును కొలిచి రాసుకోండి. తరువాత ట్యాంకు నుంచి పంపుకు వచ్చే గొట్టాన్ని విప్పి, దాని స్థానంలో శుభ్రమైన పెట్రోలు ఉన్న చిన్న క్యాను నుంచి గొట్టం పెట్టి, అదే పరీక్షను అంతే సమయం మళ్లీ చేయండి. రిటర్న్ గొట్టాన్ని (మిగిలిన పెట్రోలును ట్యాంకుకు తిరిగి పంపేదాన్ని) రెండుసార్లూ కదపకండి. రెండు కొలతలూ సమానంగా, తక్కువగా ఉంటే లోపం పంపుది. క్యాను నుంచి ధారగా, ట్యాంకు నుంచి నీరసంగా వస్తే లోపం పంపుకు వెనుక, అంటే ట్యాంకుకూ పంపుకూ మధ్య ఉంది.

పంపు కొత్తదే అయినా ఒక్క విషయం చూసుకోండి. పంపుకూ సిలిండర్ హెడ్డుకూ మధ్య ఉండే ఇన్సులేటర్‌ను, దానికి అటూ ఇటూ ఉండే ప్యాకింగ్‌లను పాత మందంలోనే వేశారా? అక్కడ మందం పెరిగితే క్యామ్ పంపును కొట్టే దూరం తగ్గి, కొత్త పంపు కూడా తక్కువే పోస్తుంది. అలాగే ఆయిల్ గేజీ పుల్ల తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన గట్టిగా వస్తే పాత పంపు డయాఫ్రం (లోపలి రబ్బరు పొర) చిరిగి ఇంజన్ ఆయిల్‌లోకి పెట్రోలు దిగిందని అర్థం. అటువంటి పలచబడ్డ ఆయిల్‌తో ఘాట్ ఎక్కకండి, బేరింగులు పోతాయి.

జవాబు (పలమనేరు)

చిత్తూరు అన్నగారు చెప్పిన పద్ధతి నచ్చింది. అయితే ఈ దారిలో రోజూ తిరిగేవాడిగా వేడిని ఇంత తేలికగా వదిలిపెట్టకూడదని నా మనవి. చిత్తూరు కంటే పలమనేరు 300 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, ఆ ఎత్తంతా దాదాపు మొగిలి చుట్టుపక్కలే ఎక్కాలి. వేగం తక్కువ, ఇంజన్ మీద బరువు ఎక్కువ, ఎదురుగాలి ఉండదు. ఏసీ పంపు సిలిండర్ హెడ్డుకే బిగించి ఉంటుంది కనుక దాని లోపలి పెట్రోలు బాగా వేడెక్కుతుంది. పెట్రోలులోని తేలిక భాగాలు 35, 40 డిగ్రీలకే ఆవిరి కావడం మొదలవుతాయి. మన వైపు వేసవిలో నీడలోనే 40 దాటుతుంటే బానెట్ కింద ఎంత ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. పంపు ద్రవాన్ని తోయగలదు గానీ ఆవిరిని తోయలేదు, అది అటూ ఇటూ నలుగుతూ అక్కడే ఉండిపోతుంది.

పైగా 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకులలో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు 2025 నాటికి దేశమంతటా వచ్చేసింది. 1996లో ఈ బండిని తయారు చేసినవారు దీనిని ఊహించి ఉండరు కదా. నా సలహా ఏమిటంటే, ఆగిన చోట పంపు మీద, పెట్రోలు గొట్టం మీద తడిగుడ్డ వేసి చూడండి. రెండు మూడు నిమిషాల్లోనే స్టార్టయితే అది ఆవిరి పనే. పాత అంబాసిడర్ల డ్రైవర్లు ఇందుకోసమే డిక్కీలో ఒక బాటిల్ నీళ్లు, పాత గుడ్డ పెట్టుకొని తిరిగేవారు.

జవాబు (చిత్తూరు)

పలమనేరు సోదరుడు చెప్పిన వేడి నిజమే, తడిగుడ్డ పరీక్ష కూడా చేయవలసిందే. ఒక్క జాగ్రత్త: చల్లని నీళ్లు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడనివ్వకండి, ఎర్రగా కాగిన పోత ఇనుము పగలవచ్చు. అయితే తడిగుడ్డతో బండి కోలుకున్నంత మాత్రాన వేడి ఒక్కటే కారణమని అక్కడితో ఆగిపోవద్దని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే చాలా బండ్లలో ఆవిరి అసలు జబ్బు కాదు, ఇంకొక జబ్బు వల్ల వచ్చినది.

పంపు తన వెనుక ఉన్న గొట్టంలో పెట్రోలును తోయదు, పీలుస్తుంది. పీల్చేటప్పుడు ఆ గొట్టంలో పీడనం బయటి గాలి కంటే తగ్గుతుంది. దారి నిరాటంకంగా ఉంటే ఆ తగ్గుదల స్వల్పం. దారిలో ఎక్కడైనా ఇరుకు ఉంటే పంపు మరింత గట్టిగా లాగవలసి వచ్చి పీడనం బాగా పడిపోతుంది. పీడనం పడిపోతే ఏ ద్రవమైనా తక్కువ వేడికే మరుగుతుంది. అందువల్ల శుభ్రమైన గొట్టంలో 50 డిగ్రీల దగ్గర కూడా నిలకడగా ఉండే పెట్రోలు, సగం మూసుకుపోయిన గొట్టంలో అంతకంటే ఎంతో ముందే బుడగలు కడుతుంది. మధ్యాహ్నం ఎక్కువ, రాత్రి తక్కువ, కానీ రాత్రి కూడా తప్పడం లేదు అన్న మాట దీనికి సరిగ్గా సరిపోతోంది. వేడి దాన్ని పెంచుతోంది, పుట్టించడం లేదు. చదును రోడ్డు మీద 75 దగ్గర, ఎదురుగాలి పుష్కలంగా తగులుతున్నప్పుడు కూడా కుదుపులు రావడం ఈ ఆలోచనను ఇంకా బలపరుస్తోంది.

పీల్చే వైపు గొట్టంలో సన్నని పగులు ఉన్నా ఇదే జరుగుతుంది, దానిని కనిపెట్టడం ఇంకా కష్టం. తోసే వైపు గొట్టం పగిలితే పెట్రోలు కారి నేల మీద మరక కనిపిస్తుంది, వాసన వస్తుంది. పీల్చే వైపు పగిలితే చుక్క కూడా కారదు, గాలి లోపలికి పోతుంది. కొబ్బరి బోండంలో వేసిన స్ట్రాకు మధ్యలో చీలిక ఉంటే ఎంత పీల్చినా నీళ్లు సరిగా రాకపోవడం లాంటిదే ఇది. బండి కింద ఎక్కడా తడి లేదు కాబట్టి గొట్టాలు బాగున్నాయని ఎవరైనా అంటే నమ్మకండి. పంపుకు ముందు ఒక పారదర్శకమైన ఫిల్టరు పెట్టి, ఇంజన్‌ను కాస్త రేజ్ చేస్తూ చూడండి, బుడగలు వరుసగా వస్తుంటే వెనుక ఎక్కడో గాలి చొరబడుతోందని తెలుస్తుంది.

జవాబు (రేణిగుంట)

కర్మాగారాల్లో అగ్నిమాపక భద్రత చూసే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. పైన చెప్పిన కొలత పరీక్ష మంచిదే గానీ, ఇంట్లో చేసేవారి కోసం కొన్ని మాటలు చేర్చకుండా ఉండలేను. పెట్రోలు ఆవిరి మండటానికి వేడి వాతావరణం అవసరం లేదు, సున్నా కంటే 40 డిగ్రీలు దిగువన కూడా నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు కనుక పైకి ఎగిరిపోదు, నేల వెంట పాకి, గుంటల్లో, సర్వీసు పిట్‌లో నిలుస్తుంది. కాబట్టి ఈ పని మూసి ఉన్న పోర్టికోలో, పిట్ మీద చేయకండి, ఆరుబయట చేయండి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మాత్రమే చేయండి. ఇద్దరు ఉండాలి: ఒకరు తాళం దగ్గర, ఒకరు డబ్బా దగ్గర. డ్రై పౌడర్ లేదా ఫోమ్ సిలిండర్ చేతికి అందేచోట పెట్టుకోండి, నీళ్ల బకెట్ పెట్రోలు మంటకు పనికిరాదు సరికదా, మంటను ఇంకా వ్యాపింపజేస్తుంది. క్యానును బానెట్ లోపల ఎక్కడో ఇరికించి రోడ్డు మీదికి తీసుకెళ్లాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే దయచేసి మానుకోండి. గొట్టాన్ని నోటితో పీల్చి పెట్రోలు తెప్పించే అలవాటు మన షెడ్లలో ఇంకా కనిపిస్తోంది. ఊపిరితిత్తుల్లోకి ఒక్క గుక్క పోయినా ప్రాణం మీదికి వస్తుంది.

గొట్టాల గురించి ఇంకొక్క మాట. పాత నైట్రైల్ రబ్బరు గొట్టాలు ఇథనాల్ పెట్రోలులో లోపలివైపు ఉబ్బి, మెత్తబడి, పొరలుగా లేస్తాయి, పైకి మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. మార్చేటప్పుడు ‘ఎస్ఏఈ జె30 ఆర్9’ అని ముద్ర ఉన్న గొట్టం అడిగి తీసుకోండి. లోపలి పొర ఫ్లోరో రబ్బరుతో చేసినది కనుక ఇథనాల్‌కు తట్టుకుంటుంది. మీటరు లెక్కన అమ్మే ముద్రలేని నల్ల గొట్టం వద్దు.

ప్రశ్న అడిగినవారు (కొర్లగుంట, తిరుపతి)

ఇంత ఓపికగా రాసిన పెద్దలందరికీ కృతజ్ఞతలు. చెప్పిన వరుసలోనే పరీక్షలు చేసి, ఫలితాలు రాస్తున్నాను.

ఘాట్‌లో కుదుపులు మొదలైనప్పుడు మా తమ్ముడు చోక్ సగం లాగితే ఇంజన్ వెంటనే అందుకుంది, నెట్టేయగానే మళ్లీ నీరసించింది. ఆగిన తరువాత కార్బురేటర్‌లోకి చూస్తే, ఇంటి దగ్గర చక్కగా చిమ్మిన ముక్కు నుంచి చుక్క కూడా రాలేదు. కాయిల్ అనుమానం అక్కడితో తీరిపోయింది. ట్యాంకు మూత తిప్పితే ఏ శబ్దమూ లేదు, వెంటనే స్టార్ట్ చేసినా కోలుకోలేదు. తడిగుడ్డతో కొంచెం త్వరగా స్టార్టయింది గానీ అంత దూరమే వెళ్లి మళ్లీ ఆగింది. ఆయిల్‌లో పెట్రోలు వాసన లేదు.

ఇంటికి వచ్చాక రేణిగుంట పెద్దలు చెప్పిన జాగ్రత్తలతో కొలత పరీక్ష చేశాము. క్యాను నుంచి పెట్టినప్పుడు పెట్రోలు నిండు ధారగా, లయ తప్పకుండా పడింది. ట్యాంకు నుంచి లాగినప్పుడు అందులో సగం కూడా రాలేదు, పైగా ధార మధ్య మధ్య తెగుతూ నురగతో వచ్చింది. దాంతో బండిని ర్యాంపు మీద ఎక్కించి వెనుక భాగం చూపించాము. ట్యాంకుకూ ఇనుప పైపుకూ మధ్య ఉన్న జానెడు రబ్బరు గొట్టం పైకి చూడటానికి బాగానే ఉంది. బ్లేడుతో నిలువునా చీల్చితే లోపలి పొర ఉబ్బి, ఒకచోట పొర విడిపోయి నాలుకలా వేలాడుతోంది. అగ్గిపుల్ల దూరేంత సందు మాత్రమే మిగిలింది. నిదానంగా పీల్చినప్పుడు ఆ పొర పక్కకు ఒదిగి ఉంటుందని, గట్టిగా పీల్చినప్పుడు దారికి అడ్డంగా వాలిపోతుందని వేలితో కదిపి చూస్తే అర్థమైంది.

ఆర్9 గొట్టం తిరుపతిలో వెంటనే దొరకలేదు, చెన్నై నుంచి తెప్పించి మొత్తం దారిలో ఉన్న రబ్బరు ముక్కలన్నీ మార్చాము. ఇప్పుడు బండి మొగిలి ఘాట్ ఆగకుండా ఎక్కుతోంది. అయితే రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, పంపు ముందు పెట్టిన పారదర్శకమైన ఫిల్టరులో ఇటుకపొడి రంగులో మెత్తని పొడి పేరుకుంటోంది. రెండోది, ఘాట్ పైభాగంలో ఆగిపోవడం లేదు గానీ, చోక్ కొద్దిగా లాగితే ఇంజన్ ఇంకా నునుపుగా లాగుతున్నట్టు అనిపిస్తోంది. ట్యాంకు మార్చాలా, కడిగిస్తే చాలా? ఈ మిగిలిన నీరసానికి కారణం ఏమై ఉంటుంది?

జవాబు (చిత్తూరు)

చాలా సంతోషమండీ. చీల్చిన గొట్టాన్ని పారేయకండి, మీకు కార్బురేటర్ మార్చమన్నవారికి ఒకసారి చూపించండి, ఇంకో బండికి పనికి వస్తుంది.

ఆ ఇటుకరంగు పొడి ట్యాంకు లోపలి తుప్పు. ఇథనాల్ గాలిలోని తేమను పట్టుకుంటుంది. మన వైపు కార్తీక మాసపు తుఫాను వానల్లో సగం ట్యాంకుతో రోజుల తరబడి నిలబెడితే, తేమ మోతాదు మించి నీరు వేరుపడి అడుగుకు చేరుతుంది. పంపు పీల్చే గొట్టం మూతి కూడా అడుగునే ఉంటుంది. ట్యాంకు అడుగు బోల్టు విప్పి మొదట వచ్చే పెట్రోలును గాజు సీసాలో పట్టి కదలకుండా ఉంచండి, కింద వేరే పొర తేరుకుంటే నీరు ఉన్నట్టే. ట్యాంకును దింపించి, పీల్చే గొట్టం కొసన ఉండే జాలీని చూడండి. పీల్చేటప్పుడు తుప్పు దానికి అంటుకొని, ఆగగానే జారిపోతుంది, అది కూడా మీ పాత లక్షణాల్లో పాలు పంచుకొని ఉంటుంది. తుప్పు పైపైన ఉంటే సిట్రిక్ ఆమ్లంతో కడిగించి, తరువాత వంటసోడా నీళ్లతో, ఆపైన మంచినీళ్లతో కడిగి, వెంటనే పూర్తిగా ఆరబెట్టి వాడుకోవచ్చు. రేకు చిల్లులు పడేంతగా తినేసి ఉంటే మార్చడమే మేలు. ఖాళీ ట్యాంకే కదా అని వెల్డింగు పెట్టనివ్వకండి, నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదకరం. లోపల పూసే కోటింగులు అన్నీ ఇథనాల్‌కు తట్టుకోవు, డబ్బా మీద ఆ మాట స్పష్టంగా రాసి ఉంటేనే వేయించండి. రిటర్న్ పైపును కూడా గాలి కొట్టి శుభ్రం చేయించండి. పంపులో పుట్టిన బుడగలను ట్యాంకుకు చేర్చే దారి అదే, అది మూసుకుంటే వేసవిలో పలమనేరు సోదరుడు చెప్పిన కష్టం నిజంగానే వస్తుంది.

చోక్ లాగితే నునుపుగా ఉండటం దారి లోపం కాకపోవచ్చు. పెట్రోలు సంపూర్ణంగా మండటానికి బరువు లెక్కన దానికి 14.7 రెట్ల గాలి కావాలి, 20 శాతం ఇథనాల్ కలిసినదానికి సుమారు 13.5 రెట్లే చాలు. పాత జెట్లతో అదే గాలికి అదే కొలత పోస్తే మిశ్రమం దాదాపు 8 శాతం పలచబడినట్టే. ఇంజెక్షన్ బండ్లు సెన్సరు చూసుకొని సర్దుకుంటాయి, కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. ముందుగా ఫ్లోట్ మట్టం గాజు కిటికీ గుర్తుకు సరిగ్గా ఉందో చూడండి, కడిగించినప్పుడు ఫ్లోట్ నాలుక వంగి మట్టం తగ్గి ఉండే అవకాశం ఎక్కువ. అది సరిగ్గా ఉన్నాక, ఘాట్ ఎక్కిన వెంటనే బండి ఆపి ఒక ప్లగ్గు విప్పి చూడండి. పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే ఏమీ ముట్టుకోవద్దు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే మెయిన్ జెట్ ఒక్క మెట్టు పెద్దది వేయాలి. రంధ్రం వ్యాసం 4 శాతం పెరిగితే వైశాల్యం 8 శాతం పెరుగుతుంది, కాబట్టి అంతకు మించి పోనక్కరలేదు. డ్రిల్లు ముక్కతో పాత జెట్‌ను తొలిచి ఇస్తామనేవారి దగ్గరికి మాత్రం వెళ్లకండి. తొలిచిన జెట్‌ను మళ్లీ వెనక్కి తేలేము, అసలు జెట్‌ను కాగితంలో చుట్టి దాచి పెట్టుకోవాలి. ఐడిలింగ్ మిక్చర్ స్క్రూను పొల్యూషన్ చెక్ చేసేచోట మిషన్ పెట్టించి, కార్బన్ మోనాక్సైడ్ అంకె చూస్తూ సర్దించుకోండి.

ట్యాంకు శుభ్రం చేయించిన తరువాత పారదర్శకమైన ఫిల్టరును అలాగే ఉంచండి. పొడి పేరుకోవడం తగ్గేవరకు ప్రతి ప్రయాణానికి ముందు బానెట్ ఎత్తి చూసి, రంగు ముదిరితే ఫిల్టరు మార్చేయండి. డిక్కీలో ఒక విడి ఫిల్టరు, రెండు క్లిప్పులు పెట్టుకొని బయలుదేరండి.